ఏడోసారి ఆపిందెవరు?

"ఆఖరిసారి చచ్చింది ఎప్పుడు?"

గుమ్మంలో చెప్పులు విడుస్తూనే టార్చక్క అడిగిన మొదటి ప్రశ్న అది. తలుపు తీసిన ఆ ఇంటి అత్తగారు గుండె మీద చెయ్యేసుకుంది.

"అదేం మాటమ్మా! ఇంట్లో అందరం నిక్షేపంలా ఉన్నాం."

"మనుషుల సంగతి కాదు పిన్నిగారూ. కంప్యూటర్ సంగతి."

"ఓ, అదా! నిన్న మధ్యాహ్నం పోయింది, మళ్ళీ లేచింది. పోవడం, లేవడం దానికి అలవాటేగా. లోపలికి రా."

గోడ గడియారంలో పదకొండూ ఐదు.

టార్చక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై రెండేళ్ళు ఫాల్టుల విభాగం చూసిన మనిషి. ఎక్కడో ఒక తీగ తెగి నాలుగు వీధుల ఫోన్లు మూగబోతే, పెన్నంత టార్చి నోట కరుచుకుని, ఆ తీగ దొరికేదాకా నేల మీంచి లేచేది కాదు. ఆ ఉద్యోగం అయిపోయాక డిటెక్టివ్ అని బోర్డు కట్టింది. మాయమైన మొగుళ్ళనీ, మారిపోయిన సంతకాలనీ వెతికి పట్టుకుంది. ఈ కేసు విని ఊళ్ళో ఉన్న మిగతా డిటెక్టివులు ఇద్దరూ ఫోన్లోనే నవ్వేశారు. ఆవిడ మాత్రం, "తాళం వేసిన గదిలో ఆగిపోతోందా? ఉండండి, వస్తున్నా" అంది.

కేసు ఇచ్చింది ఆ ఇంటి కోడలు. ముప్పై నాలుగేళ్ళ మనిషి. భర్తకి పై ఊళ్ళో ఉద్యోగం. రాత్రి నిద్రపోలేదని మొహమే చెబుతోంది.

"అక్కా, రెండింటికి నాకు పరీక్ష. సర్వే ఆఫీసులో మ్యాపులు గీసే ఉద్యోగం. ఇంట్లో కూర్చునే రాయాలి, కెమెరా చూస్తూ ఉంటుంది. తెర రెండు నిమిషాలు ఆరిపోయిందంటే పరీక్ష అయిపోయినట్టే. మళ్ళీ ఇవ్వరు."

"వచ్చే ఏడు రాసుకోవచ్చుగా?"

"ముప్పై అయిదు నిండకూడదు. వచ్చే నెలతో నాకు నిండిపోతాయి."

"ఇంకెవరి కంప్యూటరైనా అడిగి తెచ్చుకుంటే?"

"ఈ మిషన్నే నమోదు చేశారు. దీని మీద తప్ప ఇంకెక్కడా పరీక్ష తెరుచుకోదు."

టార్చక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "అంటే మూడు గంటలు కూడా లేవు. చెప్పమ్మాయ్, ఎప్పుడెప్పుడు ఆగింది?"

కోడలు క్యాలెండరు కాగితం వెనక రాసిపెట్టుకున్న లెక్క చదివింది. పోయిన సోమవారం పదీ అయిదు. మంగళవారం పదీ పది. గురువారం పదీ ఏడు. శుక్రవారం ఎనిమిదీ నలభై. శనివారం నుంచి సోమవారం దాకా మిషను రిపేరు షాపులో ఉంది. ఈ మంగళవారం పదీ పన్నెండు. బుధవారం పదీ పదిహేను. నిన్న గురువారం మాత్రం మధ్యాహ్నం మూడూ యాభై రెండు.

"ఏడు. ఆరు పొద్దున, ఒకటి మధ్యాహ్నం. పోయిన బుధవారం ఏమైంది?"

"ఆరోజు అసలు ఆన్ చెయ్యలేదు. పొద్దుటి నుంచీ కరెంటు లేదు."

"అది ఆగినప్పుడు నీ గదిలో ఫ్యానూ లైటూ?"

"అవి భేషుగ్గా ఉంటాయి."

టార్చక్క కాగితం మీద ఎనిమిదీ నలభై దగ్గర వేలు పెట్టింది. "ఆ శుక్రవారం వాన పడిందా?"

కోడలు తెల్లబోయింది. "అక్కా, నీకెలా తెలుసు? తెల్లారకముందు నుంచీ ముసురే."

"తెలీదు, అడిగాను" అని టార్చక్క కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. "పద, శవాన్ని చూద్దాం."

కోడలి బల్ల మీద తెరా, కీబోర్డూ, మౌసూ మాత్రమే ఉన్నాయి. వైర్లన్నీ చెక్కగోడలో పిడికెడంత కన్నంలోంచి అవతలికి వెళ్ళిపోయాయి. గోడకి అవతల సామాన్ల గది. కంప్యూటర్ పెట్టె అక్కడ ఉంది.

"ఫ్యాన్ల మోతకి వదినకి తలనొప్పి వస్తోందని నేనే అటు పెట్టానండీ" అన్నాడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ మరిది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఒక్కొక్క భాగమూ ఎంచి తెచ్చి, ఎనిమిది నెలలు కూర్చుని ఆ కంప్యూటర్ని తన చేత్తో తయారుచేశాడు. ఈవేళ సెలవు పెట్టి మరీ ఇంట్లో ఉన్నాడు గానీ, బోనులో నిలబడ్డవాడిలా ఉంది వాలకం.

"వేడెక్కి ఆగుతోందేమో చూశావా?"

"నలభై రెండు డిగ్రీలు దాటలేదండీ. కరెంటు ఇచ్చే డబ్బా మార్చాను. మెమరీ ముక్కలు ఊడదీసి, తుడిచి, మళ్ళీ పెట్టాను. ప్రతి స్క్రూ రెండుసార్లు బిగించాను."

"మూడోసారి కూడా బిగించు నాయనా, అది పారిపోకుండా ఉంటుంది" అంది అత్తగారు.

"అమ్మా, నువ్వాగు."

"నేను కాదు, అదే ఆగుతోంది."

టార్చక్క నవ్వు ఆపుకుని అత్తగారి వైపు తిరిగింది. "ఆ గదికి తాళం ఎందుకు పిన్నిగారూ?"

"మా ఆయనకి సుగరమ్మా. పంచదార డబ్బా, బిస్కెట్ల డబ్బా అందులోనే దాస్తాను. తాళం లేకపోతే డబ్బాలు కూడా నాకేస్తాడు. తాళంచెవి ఎప్పుడూ నా నడుము దగ్గరే."

"నాకు వినబడుతోంది!" బాల్కనీలోంచి మామగారి గొంతు.

"వినబడాలనే అన్నాను!"

రోజూ జరిగే పద్ధతి కోడలు చెప్పింది. పొద్దున ఎనిమిదింటికి అత్తగారు గది తెరుస్తుంది. కోడలు బటన్ నొక్కి మిషన్ని లేపుతుంది. మళ్ళీ తాళం పడిపోతుంది. తెర ఆరిపోగానే కోడలు కేక పెడుతుంది. అత్తగారు తాళాలగుత్తి గలగలలాడిస్తూ వస్తుంది. తలుపు తీసి చూస్తే లోపల పురుగు కూడా ఉండదు. బటన్ నొక్కితే ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటుంది.

"తలుపు తెరవకముందు, ఇటు నుంచి ఎలాగైనా లేపాలని చూశారా?"

"ఒకసారి కన్నంలోంచి కర్ర దూర్చి బటన్ నొక్కానండీ" అన్నాడు మరిది. "సరిగ్గానే తగిలింది. ఉలుకూ పలుకూ లేదు. తలుపు తీసి వేలితో నొక్కితే లేచింది."

"మనుషులొస్తేనే లేస్తుందన్నమాట. మర్యాద తెలిసిన కంప్యూటరే" అంది టార్చక్క.

పదకొండూ నలభైకి గుమ్మంలో ఇంకో గొంతు వినబడింది. "గ్యారంటీగా మళ్ళీ ఆగిపోయే ఉంటుంది, నాకు తెలుసు!"

రిపేరు షాపాయన. నోరు తెరిస్తే ఆ మాట లేకుండా ఉండదని ఊళ్ళో అందరూ ఆయన్ని గ్యారంటీ గారనే పిలుస్తారు. ఎందుకైనా మంచిదని అత్తగారు ఆయనకీ కబురు పెట్టింది. భుజాన పెద్ద సంచీ. సంచీలో కొత్త బోర్డు, అదే మదర్‌బోర్డు.

ఆయన టార్చక్కని కిందినుంచి పైదాకా చూశాడు. "ఈవిడెవరు?"

"డిటెక్టివుని."

"కంప్యూటర్‌కి డిటెక్టివా? మరి లాయరు రాలేదేం?"

"బోర్డు మార్చేవాళ్ళొస్తే లాయర్ని కూడా పిలుద్దామనుకుంటున్నాం."

గ్యారంటీ గారు ఆ మాట వినబడనట్టు సంచీ దించాడు. "ఇదిగోండమ్మా, ఇంట్లో కూర్చిన మిషన్లతో వచ్చే తంటా ఇదే. ఈ కుర్రాడు లిఫ్టులు బాగుచేసుకోక దీని జోలికి ఎందుకొచ్చాడు? గ్యారంటీగా బోర్డే పోయింది."

"మీరు చూసినవాటిలో బోర్డు పోనివి ఏమైనా ఉన్నాయా?" అంది టార్చక్క.

"నా దగ్గరికొచ్చేవన్నీ బోర్డులే."

"మీ షాపులో మూడు రోజులుంచారు కదా, ఎన్నిసార్లు ఆగింది?"

"ఒక్కసారి కూడా ఆగలేదు."

"ఆగని మిషన్లో బోర్డు పోయిందని ఎలా తేల్చారు?"

"ఆగకపోవడమే అనుమానం! దొంగ పోలీసు స్టేషన్లో కూర్చుని దొంగతనం చేస్తాడా?"

"చెయ్యడు. అక్కడ దొంగిలించడానికి ఏమీ ఉండదు కాబట్టి. మీ షాపులో లేనిదేదో ఈ ఇంట్లో ఉంది. నేను వెతుకుతున్నది దాన్నే."

"మీరు వెతుకుతూ ఉండండి, రెండవుతుంది. బోర్డు మార్చడానికి నాకు గంట చాలు."

"బోర్డు మారిస్తే నమోదు పోతుందండీ!" కోడలు సంచీకి అడ్డం వచ్చింది. "పరీక్ష తెరుచుకోదు."

"నమోదు పోతే పోయింది, మిషన్ బతుకుతుంది కదా."

"ఒంటిగంట దాకా మీరు ఆ సంచీ ముడి విప్పకండి. అప్పటికి నేను తేల్చలేకపోతే మీ ఇష్టం" అని టార్చక్క కోడలి కుర్చీలో కూర్చుంది.

"అమ్మాయ్, ప్రతి కంప్యూటరూ లోపల ఒక చిట్టా రాసుకుంటుంది. ఎప్పుడు లేచిందీ, ఎప్పుడు పడిందీ, ఎలా పడిందీ. మనుషుల్లాగా మర్చిపోదు, మొహమాటపడదు. అది తెరువు."

చిట్టా తెరుచుకుంది. టార్చక్క కళ్ళజోడు ముక్కు మీదికి దించి, వరసలు ఒక్కొక్కటే చదివింది. మొదటి సోమవారం దగ్గర ఆగింది. మంగళవారం చూసింది. ఆరూ చూసింది.

"షాపాయన గారూ, ఇటు రండి. ఇదేమిటో చదవండి."

గ్యారంటీ గారు వంగాడు. "పవర్ బటన్... నొక్కి పట్టుకున్నట్టు..."

"నాలుగు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఏ కంప్యూటరైనా ఆరిపోతుంది. ఆరుసార్లూ అదే. బోర్డు దానంతట అది పోతే ఈ మాట రాయదు. ఎవరో నొక్కారు."

"బటన్ తాళం వేసిన గదిలో ఉంది. ఎవరు నొక్కుతారు, దెయ్యమా?"

"దెయ్యాలు వాన పడినరోజు తొందరగా రావు. ఇది మనిషే."

ఏడో వరస దగ్గర మాత్రం టార్చక్క వేలు ఆగింది. ఒకసారి చదివింది. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చదివింది. "ఏడోది ఏమంటోంది?" అని గ్యారంటీ గారు మళ్ళీ వంగబోతే, మౌసు ఒక్క నొక్కు నొక్కి చిట్టా మూసేసింది.

"ముందు ఆరు చావుల సంగతి చూద్దాం. పిన్నిగారూ, ఆ గది చూపించండి."

సామాన్ల గది మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేటంత ఉంది. ఈవేళ పరీక్ష కదా అని పొద్దుటి నుంచీ తలుపు తీసే ఉంచారు. ఒకవైపు అరలు. ఎదురుగోడకి నడుమెత్తులో, బాల్కనీ వైపు, గాలికోసం పెట్టిన చిన్న కిటికీ, ఒకటే రెక్క, ఊచలు లేవు. దాని కిందే కంప్యూటర్ పెట్టె నిలబెట్టి ఉంది. బటన్ ముందువైపు. కిటికీ ఎంత చిన్నదంటే అందులోంచి మనిషి రావడం మాట అటుంచి, తల కూడా పట్టదు.

టార్చక్క టార్చి నోట్లో పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. పెట్టె చుట్టూ తిరిగింది. తర్వాత లేచి పైమూతకి అడ్డంగా వెలుగు పట్టింది.

"మరిదిగారూ, ఈ మూత చివరిసారి ఎప్పుడు తుడిచావు?"

"తుడవలేదండీ. ఎవరూ రారు కదా."

"అయితే ఇది చూడు."

మూత అంచుల్లో దుమ్ము పేరుకుని ఉంది. మధ్యలో జానెడు వెడల్పు, మూరెడు పొడుగు మేర మాత్రం అద్దంలా మెరుస్తోంది. పలక పెట్టి గీసినట్టు నాలుగు మూలలూ స్పష్టంగా ఉన్నాయి. ఒక మూల చుక్క మట్టి. ఆ మట్టిలో చదునుగా, నూగుతో, చీమ తలకాయంత గింజ ఒకటి అతుక్కుంది. కిటికీ గట్టు మీద ఇంకేదో నలుసులు. టార్చక్క వాటిని వేలికి అద్దుకుని వాసన చూసింది.

"బిస్కెట్టు" అంది.

అత్తగారు గిరుక్కున తిరిగి అరలోంచి డబ్బా తీసింది. మూత తీసి లోపలికి చూసి, అక్కడినుంచే బాల్కనీ వైపు కేక వేసింది. "ఏవండోయ్!"

టార్చక్క అప్పటికే బాల్కనీలో ఉంది.

మామగారు కుండీల మధ్య ముక్కాలిపీట వేసుకుని, పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ళు. ముప్పై ఏళ్ళు విత్తనాల తోటలో మేస్త్రీగా చేసి, ఇప్పుడు మూడో అంతస్తులో పది కుండీలకి మేస్త్రీ. పేపరు తలకిందులుగా ఉంది.

"బాబాయిగారూ, ఈ బాల్కనీలో ఎండ ఎప్పటిదాకా ఉంటుంది?"

"పదింటిదాకా. ఆ తర్వాత ఎదురింటి మేడ నీడ పడిపోతుంది."

"వాన పడినరోజు అసలు ఎండే ఉండదు."

"ఉండదు మరి."

"టమాటా గింజ మొలవాలంటే వెచ్చగా ఉండాలి కదూ?"

మామగారు పేపరు దించాడు. పీట కింద, తడి గుడ్డ కప్పిన పొడుగాటి రేకు ట్రే టార్చక్క టార్చి వెలుగులో మెరిసింది. గుడ్డ ఎత్తితే నల్లటి మట్టిలో వరసలు వరసలుగా పచ్చటి మొలకలు, ఒక్కొక్కటీ రెండేసి ఆకులు విప్పుకుని ఉన్నాయి.

"బిస్కెట్టు కోసం కిటికీలోంచి చెయ్యి పెట్టానమ్మా" అన్నాడాయన నెమ్మదిగా. "పెట్టె వెచ్చగా తగిలింది. దూడ వీపులా ఉంది. ఇంత వెచ్చదనం ఊరికే పోతోందే అనిపించింది. ఎండ పోగానే ట్రే అక్కడ పెట్టి, కాసిని నీళ్ళు చిలకరించేవాణ్ణి. కంప్యూటర్ దగ్గర నీళ్ళంటే కోడలు ఊరుకోదని ఎవరికీ చెప్పలేదు."

"పెట్టిన ప్రతిసారీ కంప్యూటర్ ఆగుతోందని మీకు తెలీదా?"

"నాకెలా తెలుస్తుంది? నాకు తెలిసిందల్లా, నేను ట్రే పెట్టి నీళ్ళు చల్లగానే లోపల కోడలు కేకేస్తుంది, ఈవిడ తాళాలు మోగించుకుంటూ వస్తుంది. గబుక్కున ట్రే లాగేసుకునేవాణ్ణి. ఆరుసార్లూ మీరే నా మొలకలకి అడ్డొచ్చారు. మీ కంప్యూటర్ పాడైతే నా నారు ఎందుకు ఎండాలి అని నాకే చిరాకుగా ఉండేది!"

మరిది నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "నాన్నా! పది రోజులుగా దాని పేగులన్నీ ఊడదీసి చూస్తున్నాను!"

"నన్ను అడగలేదుగా."

గ్యారంటీ గారు చేతులు కట్టుకుని నవ్వాడు. "బాగుంది కథ. ట్రే పెట్టింది మూత మీద. బటన్ ఉంది ముందువైపు. మొలకలు వంగి నొక్కాయా?"

"పెట్టి చూద్దాం" అంది టార్చక్క.

పన్నెండూ ఇరవై. కోడలు తెర ముందు కూర్చుంది. మామగారు తన చేత్తోనే కిటికీలోంచి ట్రే మూత మీద పెట్టాడు. ఏమీ కాలేదు. గ్యారంటీ గారి నవ్వు ఇంకాస్త వెడల్పయింది. మామగారు చెంబుతో నీళ్ళు పోశాడు. మట్టి నీళ్ళు తాగింది. రేకుమూత కంటికి కనబడీ కనబడనంత కిందికి కుంగింది.

"ఒకటి. రెండు. మూడు. నాలుగు" టార్చక్క లెక్కపెట్టింది.

పెట్టెలో ఫ్యాన్లు ఆగిపోయాయి. గోడ అవతల కోడలు అలవాటు కొద్దీ కేక పెట్టింది. అత్తగారు అలవాటు కొద్దీ నడుము దగ్గర తాళాలు తడుముకుంది.

"మరిదిగారూ, మూత విప్పు. బటన్ తీగలు ఎటుగా పోనిచ్చావు?"

మరిది నాలుగు స్క్రూలు తీసి మూత ఎత్తాడు. ముందున్న బటన్ నుంచి రెండు సన్నటి తీగలు మూతకి ఆనుకుని వెనక్కి వెళ్ళాయి. మధ్యలో వాటిని ఒక ఇనపతీగ రెండు చుట్లు చుట్టి, మెలితిప్పి, గట్టిగా బిగించి ఉంది. టార్చక్క దాన్ని చూసి, తర్వాత మరిదిని చూసింది.

"ఇదేమిటి?"

"కట్టుతీగండీ. ప్లాస్టిక్ కట్లు వేస్తే లిఫ్టు గోతిలో ఎలకలు కొరికేస్తాయి. మేం ఏ వైరైనా దీంతోనే..." అంటూ మరిది ఆ తీగ మీదికి వంగాడు.

"ఈ పెట్టెలో ఎలకలెక్కడివి నాయనా? లిఫ్టు వైరు వేలంత లావు ఉంటుంది, కట్టుతీగ దాన్నేమీ చెయ్యదు. ఇవి వెంట్రుకంత తీగలు. నీ బిగింపుకి పైతొడుగు తెగింది. మూత కుంగినప్పుడు ఇనపతీగ రెండింటికీ తగులుతోంది. రెండు తీగలూ కలవడం, బటన్ నొక్కి పట్టుకోవడం, కంప్యూటర్‌కి రెండూ ఒకటే. బరువు తీసేదాకా అది నొక్కుతున్నట్టే, అందుకే నువ్వు కర్రతో పొడిచినా లేవలేదు."

మరిది కటింగ్ ప్లేయరు తెచ్చి కట్టుతీగ తెంపాడు. తొడుగు తెగిన చోట తీగలకి విడివిడిగా టేపు చుట్టి, మూతకి తగలకుండా పక్కనుంచి పోనిచ్చాడు. మూత బిగించాక ట్రే పెట్టారు. దాని మీద పంచదార డబ్బా, ఆపైన బియ్యం డబ్బా పెట్టారు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. ఫ్యాన్లు హాయిగా తిరుగుతూనే ఉన్నాయి.

ఒంటిగంటా పది. అత్తగారు అందరికీ టీ పోసింది. మామగారి గ్లాసులో పంచదార కలపలేదు, ఆయనతో మాట కూడా కలపలేదు.

గ్యారంటీ గారు టీ తాగలేదు. "అయితే ఏడోది చెప్పండి" అన్నాడు.

"నిన్న మూడూ యాభై రెండు. నాకు ఫోన్ చేసినప్పుడు ఈ పెద్దమ్మే చెప్పారు. నిన్న పొద్దున తొమ్మిదింటికే వీళ్ళిద్దరూ కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఇంటికొచ్చేసరికి ఆరు. ఈ కుర్రాడు డ్యూటీలో ఉన్నాడు. ట్రే లేదు, చెంబు లేదు, మొలకలు లేవు. మరి ఎందుకు ఆగింది? గ్యారంటీగా బోర్డు. రెండున్నరకి మళ్ళీ ఆగుతుంది, అప్పుడు ఈ డిటెక్టివమ్మ ఎక్కడుంటుందో!"

మరిది కోడలి వైపు చూశాడు. కోడలు నేల చూపులు చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి. టార్చక్క టీ చల్లార్చుకుంటూ ఉంది.

"ఏడోది కూడా నాదే" అన్నాడు మామగారు.

"మీరు ఆస్పత్రిలో ఉన్నారు కదండీ!"

"వెళ్ళేముందు ట్రే పెట్టి వెళ్ళాను."

"తొమ్మిదింటికి పెడితే నాలుగింటికి ఆగుతుందా? ఏడు గంటలా?"

"నువ్వెప్పుడైనా నారు పోశావా బాబూ?" మామగారు గొంతు సవరించుకున్నాడు. "మట్టి నీళ్ళని నిదానంగా పీలుస్తుంది. పొద్దున పోస్తే మధ్యాహ్నానికి బరువెక్కుతుంది."

"పోసిన నీళ్ళు పోసినట్టే ఉంటే బరువు ఎలా పెరుగుతుందండీ?"

"అది మట్టిని అడుగు."

"నిన్న అమ్మాయి కోసం తలుపు తీసిపెట్టే వెళ్ళాం, మనం వచ్చేసరికి లోపల ట్రే..." అని మొదలుపెట్టింది అత్తగారు.

"నీకు కళ్ళల్లో మందు వేశారు, నీకేం కనబడింది?" అని మామగారు ఆవిడ నోరు మూయించాడు. ఆ ఇంట్లో అలాంటిది జరగడం చాలా ఏళ్ళ తర్వాత అదే మొదలు.

గ్యారంటీ గారు టార్చక్క వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి!"

"వ్యవసాయం నా సబ్జెక్టు కాదండీ. ముప్పై ఏళ్ళు తోటలో చేసినాయన చెబుతుంటే కాదనడానికి నేనెంత, మీరెంత?" అంది టార్చక్క. "నేరం ఒప్పుకున్నాడు. కేసు అయిపోయింది."

గ్యారంటీ గారు సంచీ భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "గ్యారంటీగా..." అని, ఆ మాట తర్వాత ఏమనాలో తోచక వెళ్ళిపోయాడు.

ఒంటిగంటా నలభై. టార్చక్క కోడలి గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. కోడలు కెమెరా సర్దుతోంది.

"మీ మామగారికి అబద్ధం చెప్పడం చేతకాదు" అంది టార్చక్క.

కోడలు కెమెరాని మళ్ళీ అటూ ఇటూ తిప్పింది.

"చిట్టాలో ఏడో వరస వేరేగా ఉంది. బటన్ మాట లేదు. 'ఆపెయ్యి' అని తెర మీదనుంచే ఎవరో చెప్పారు. ఎవరి పేరుతో చెప్పారో కూడా రాసి ఉంది. నిన్న ఇంట్లో ఉన్నది ఒక్కరే."

కోడలు కెమెరా వదిలేసి కూర్చుంది.

"నమూనా పరీక్ష పెట్టుకున్నానక్కా. నూట ఇరవై ప్రశ్నలు, రెండు గంటలు. ఇంక ఎనిమిది నిమిషాలుందనగా చూస్తే పదకొండు మిగిలిపోయాయి. ఒక్కటీ తోచడం లేదు. ఆ క్షణంలో ఇది ఆగిపోతే బాగుండును అనిపించింది. పొద్దుటి నుంచీ ఆగలేదే ఈరోజు, రోజూ ఆగేదానివి, ఇప్పుడేమైంది నీకు అని తిట్టుకున్నాను కూడా. ఆగలేదు. నేనే ఆపేశాను." కళ్ళు తుడుచుకుంది. "తర్వాత అందరూ 'పాపం, కంప్యూటర్ వల్ల' అన్నారు. ఆ మాట ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నువ్వొచ్చి బాగుచేస్తుంటే నాకు భయం వేసింది. ఈరోజు అది ఆగదు కదా?"

"ఆగదు. తల మీద బియ్యం బస్తా పెట్టినా ఆగదు."

"అంటే ఇంక తప్పంతా నాదే అవుతుంది."

"నిన్నటి పరీక్షలో ఎన్ని వచ్చాయి?"

"చూడలేదు. మధ్యలో ఆపేశాను కదా, ఏముంటుంది?"

"జవాబు నొక్కిన ప్రతిసారీ అది దాచుకుంటుంది. మధ్యలో ఆపినా అప్పటిదాకా రాసినవి ఎక్కడికీ పోవు. తెరువు."

"వద్దక్కా. ఇప్పుడు చూస్తే అసలు రాయలేను."

"చిట్టా చదవడానికి భయపడితే నేనెప్పుడో ఈ పని మానేసి ఉండేదాన్ని. తెరువు అమ్మాయ్."

కోడలు మౌసు పట్టుకుంది. పేజీ తెరుచుకోవడానికి ఆరేడు సెకన్లు పట్టింది. ఆ ఆరేడు సెకన్లూ ఆమె గోడవైపు చూస్తూ కూర్చుంది.

"చదువు" అంది టార్చక్క.

"రాసినవి నూట తొమ్మిది." ఆగింది. "సరైనవి... తొంభై ఆరు."

"పోయిన ఏడు ఎంతమీద ఉద్యోగాలిచ్చారు?"

ఆ అంకె కోడలికి నిద్రలో లేపి అడిగినా వచ్చు. "ఎనభై ఎనిమిది."

గోడ అవతల ఫ్యాన్లు మోగుతున్నాయి. బాల్కనీలో మామగారిని అత్తగారు బిస్కెట్లు లెక్క చెప్పమంటోంది.

"ఆ పదకొండూ వదిలేసినా నీకు ఉద్యోగం వచ్చేది. నిన్న నువ్వు ఆపేసింది పాసైన పరీక్షని" అంది టార్చక్క.

కోడలు తెర వైపు వంగి, ఆ తొంభై ఆరు మీద వేలు పెట్టి చూసింది, చెరిగిపోతుందేమోనన్నట్టు. చెరగలేదు. ముందు నవ్వొచ్చింది, వెంటనే తన మీద తనకే మంట కూడా వచ్చింది. "నాకు బుద్ధుందా అక్కా?"

"తొంభై ఆరు మార్కులకి సరిపడా ఉంది."

ఒంటిగంటా యాభై ఎనిమిది. టార్చక్క బయటికొచ్చి తలుపు మూసింది. లోపల కోడలు ఆ పేజీ మూసేసి పరీక్ష పేజీ తెరిచింది. కెమెరా పక్కన పచ్చటి దీపం వెలిగింది. ఆమె కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది.